బ్లాక్ ట్రీ మానిటర్ తీసుకోవాలనుకుంటున్నాను: కేజ్, తేమ, తిండి గురించి పెంచినవాళ్ళు చెప్పండి

కొమ్మచివర (ఫోర్ట్‌వర్త్, టెక్సస్)

అందరికీ నమస్కారం. ట్రీ మానిటర్లు (చెట్ల మీద ఉండే ఉడుములు) పెంచేవాళ్ళు మనవాళ్ళలోనూ ఉన్నారని ఇక్కడి పాత పోస్టులు చదివాక తెలిసింది, అందుకే అడుగుతున్నాను. క్రెస్టెడ్ గెకోలు, బియర్డెడ్ డ్రాగన్ కొన్నేళ్ళుగా పెంచుతున్నాను. ఉడుము జాతి మాత్రం ఇదే మొదలు. బ్లాక్ ట్రీ మానిటర్ (వారనస్ బెక్కారీ) మీద ఎప్పటినుంచో మనసుంది.

ఇక్కడే పిల్లల్ని చేయించే బ్రీడర్ ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గర వెయిటింగ్ లిస్టు, వచ్చే వేసవి దాకా ఆగాలి. సరీసృపాల ఎక్స్‌పోలో ఒక వ్యాపారి దగ్గర ఇండోనేషియా నుంచి దిగుమతి అయినవి రెడీగా ఉన్నాయి, ధర సగం కూడా లేదు. "అడవిలో పట్టినవి కావు, ఫార్మ్‌లో పుట్టినవే" అంటున్నాడు. నమ్మొచ్చా?

నా దగ్గర ఉన్న కేజ్ 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, పైన జాలీ. చలికాలంలో హీటర్ నడిస్తే ఇల్లంతా పొడిబారిపోతుంది, నా టెన్షన్ అంతా దాని గురించే. వేడి ఎంత ఉండాలి, తిండి ఏం పెట్టాలి, చేతికి అలవాటు పడుతుందా, మీకు తెలిసిందంతా చెప్పండి.

తడినేల (హ్యూస్టన్)

తమ్ముడూ, ముందు ఆ ఎక్స్‌పో సంగతి తేల్చేద్దాం. వద్దు. సగం ధరకు వచ్చిందని తెచ్చుకున్నవాళ్ళు మిగతా సగం వెట్ దగ్గర కట్టడం, అయినా జంతువు దక్కకపోవడం చాలాసార్లు చూశాను.

బ్లాక్ ట్రీ మానిటర్ ఊరు 'ఆరు' (Aru) అనే పేరున్న దీవులు. న్యూగినీకి నైరుతిగా, ఇండోనేషియాలో ఉంటాయి. అక్కడ చెట్టు మీద పట్టినవాడి సంచిలో కొన్నాళ్ళు, పోగుచేసేవాడి దగ్గర కొన్నాళ్ళు, ఎగుమతిదారు షెడ్డులో ఇంకొన్నాళ్ళు, తర్వాత విమానం. దారి పొడవునా వాటికి సరిగ్గా దొరకనిది నీళ్ళే. ఆకుల మీద చినుకులు నాకి తాగే ప్రాణికి మూల ఒక గిన్నె పెడితే అవి నీళ్ళని కూడా దానికి తెలియకపోవచ్చు. టేబుల్ మీదికి వచ్చేసరికి లోపల కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి, పైకి మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది.

"ఫార్మ్‌లో పుట్టినవి" అన్న మాటకు కూడా అంత విలువ ఇవ్వకు. ఇండోనేషియా నుంచి ఫార్మ్ జంతువులుగా ఎగుమతి అవుతున్న గ్రీన్ పైథాన్ల మీద 2011లో ఒక అధ్యయనం వచ్చింది. వాటిలో కనీసం 80 శాతం అడవిలో పట్టినవేనని తేలింది. అది పాముల లెక్క, ఉడుములది కాదు. కానీ ఎగుమతి దారి అదే. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫోటోలు, గుడ్లు పొదిగిన వివరాలు చూపించలేనివాడి మాట మీద కొనకూడదు.

ఇంకొకటి. ఎక్స్‌పోలో "చూడండి ఎంత సాధువో, చేతిలో కదలకుండా కూర్చుంది" అంటారు. ఆరోగ్యంగా ఉన్న ట్రీ మానిటర్ నువ్వు దగ్గరికి వెళ్ళగానే కొమ్మకు అవతలి వైపు తిరిగిపోయి, ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూస్తుంది. కొత్త మనిషి చేతిలో మెత్తగా పడుకుందంటే దానికి పారిపోయే ఓపిక లేదని అర్థం.

కేజ్ గురించి రాత్రికి రాస్తాను.

మూగజీవి (అట్లాంటా, వెట్)

తడినేల గారు చెప్పిన కిడ్నీల విషయం కొంచెం వివరంగా చెబుతాను. మా క్లినిక్‌కి వచ్చే ట్రీ మానిటర్లలో నేను మొదట వెతికేది ఇదే.

వీటి విసర్జనలో తెల్లటి భాగం ఉంటుంది, అది యూరేట్. ఒంట్లో నీరు సరిపడా ఉంటే అది మెత్తగా, తెల్లగా, వేలితో నొక్కితే నలిగిపోయేలా ఉంటుంది. నీరు తగ్గితే పసుపు, తర్వాత నారింజ రంగుకు తిరిగి సుద్దముక్కలా గట్టిపడుతుంది. కళ్ళు లోపలికి దిగడం, పక్కల చర్మం ముడతలు పడి అలాగే ఉండిపోవడం, నోరు తెరిస్తే లాలాజలం జిగురు తీగల్లా సాగడం ఆ తర్వాతి దశలు. నీటి కొరత నెలల తరబడి సాగితే యూరిక్ యాసిడ్ కీళ్ళలో, గుండె చుట్టూ, కిడ్నీల్లో పేరుకుంటుంది. దాన్నే గౌట్ అంటాం. అంతదాకా వస్తే మేం చేయగలిగింది చాలా తక్కువ.

సరీసృపాలు జబ్బును చివరిదాకా బయటపడనివ్వవు. తిండి మానేసిందని గమనించి తీసుకొచ్చేసరికి చాలావాటిలో ఆలస్యమైపోయి ఉంటుంది. అందుకే రోజూ కేజ్ శుభ్రం చేసేటప్పుడు యూరేట్ రంగు చూడమని నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకూ చెబుతాను.

ఎక్కడ కొన్నా సరే, మొదటి వారంలోనే మలపరీక్ష చేయించండి. ఇంట్లో గెకోలు ఉన్నాయన్నారు కదా, కొత్తదాన్ని కనీసం రెండు మూడు నెలలు వేరే గదిలో, వేరే సామాను వాడుతూ ఉంచండి.

తడినేల (హ్యూస్టన్)

కేజ్ సంగతి. పైన జాలీ ఉంటే టెక్సస్ చలికాలంలో తేమ నిలవదు. నువ్వు పొద్దున కొట్టిన నీళ్ళు గంటలో పైకి ఎగిరిపోతాయి. పీవీసీ పలకల కేజ్ చూసుకో, గాలి ఆడటానికి కింద ఒక పక్క, పైన ఒక పక్క సన్నటి వెంట్లు చాలు. ఎత్తు 4 అడుగులు సరిపోతుందని కొందరంటారు, నేను ఒప్పుకోను. పెద్దదైతే మూడడుగుల దాకా ఉంటుంది. అందులో మూడింట రెండొంతులు తోకే, కానీ తోకను కూడా చెయ్యిలా వాడే జంతువు ఇది, కొమ్మకు చుట్టి వేలాడుతూ కిందికి చాస్తుంది. కుదిరితే 6 అడుగుల ఎత్తు కట్టించు.

లోపల కొమ్మలు దాని ఒంటి లావువి కొన్ని, అంతకన్నా సన్నవి కొన్ని పెట్టు. అడ్డంగా, ఏటవాలుగా కట్టి, నేల తాకకుండా కేజ్ అంతా తిరిగిరాగలిగేలా చూడు. నిలువుగా వేలాడదీసిన కార్క్ గొట్టాలు తప్పనిసరి. రాత్రి వాటిలోనే దూరి పడుకుంటాయి. గొట్టం ఇరుకుగా, వీపు, పొట్ట రెండూ తగిలేలా ఉంటేనే వాటికి ధైర్యం. బల్బుకు తీగ పంజరం బిగించడం మరిచిపోకు, లేకపోతే బల్బునే పట్టుకుని వేలాడుతుంది, పొట్ట కాలుతుంది.

అడుగున మట్టి, కొబ్బరి పీచుపొడి, ఎండుటాకులు కలిపి ఒక అడుగు మందాన పోయి. తేమకు అసలు ఆధారం ఆ మట్టే. నీళ్ళు చల్లేది ఆకుల మీద తాగడానికి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మిస్టింగ్, మధ్యలో ఆకులు ఆరిపోవాలి. తేమ 70 నుంచి 80 శాతం దగ్గర ఉండి, చల్లినప్పుడు 90కి పోయి దిగుతుంటే బాగున్నట్టు. ఇరవైనాలుగు గంటలూ తడిగా, గాలి ఆడకుండా ఉంచితే ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

రైన్‌తీరం (కొలోన్, జర్మనీ)

వేడి గురించి నా మాట. ఎండ కాచే చోట ఉపరితలం 55, 60 డిగ్రీల సెల్సియస్ ఉండాలని నెట్‌లో చాలాచోట్ల రాస్తారు. అది ఆస్ట్రేలియా ఎడారి ఉడుములకు పనికొచ్చే లెక్క. ట్రీ మానిటర్ల ప్రసైనస్ గుంపు, అంటే గ్రీన్, బ్లాక్, బ్లూ, బియాక్ దీవి కోర్డెన్సిస్ లాంటివి, అన్నీ వానఅడవి జంతువులు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముక్కలో కాసేపు కూర్చుని నీడకు పోతాయి. నేను 42 దగ్గర పెడతాను, గాలి వేడి పగలు 28 నుంచి 30, రాత్రి 24. ఏళ్ళుగా ఆరోగ్యంగా ఉన్నాయి.

తడినేల (హ్యూస్టన్)

నేను 48, 50 దగ్గర పెడతాను. అవి పది నిమిషాలు కూర్చుని ఒళ్ళు కాగగానే వెళ్ళిపోతాయి. తక్కువ వేడి పెడితే గంటలకొద్దీ బల్బు కింద పడుంటాయి, ఆ సేపంతా ఒళ్ళు ఎండుతుంది. కేజ్‌లో చల్లటి మూల ఉన్నంతవరకు ఆ ఒక్క చోటు వేడి వల్ల ఇబ్బంది లేదు.

మూగజీవి (అట్లాంటా, వెట్)

ఇద్దరి జంతువులూ బాగున్నాయంటే రెండు కేజ్‌లలోనూ వాటికి ఎంచుకునే వీలుందన్నమాట. నాకు కనిపించే చెడు కేజ్‌లలో గొడవ 42కీ 50కీ మధ్య ఉండదు. పైనుంచి కింది దాకా అంతా 33 డిగ్రీలే ఉంటుంది, దానికి తప్పించుకునే చోటే ఉండదు. కొమ్మ ఉపరితలం టెంపరేచర్ గన్‌తో, గాలి వేడి విడిగా ప్రోబ్‌తో చూడండి. గోడకు అతికించిన గుండ్రటి మీటర్లు తీసి పారేయండి. యూవీబీకి (అతినీలలోహిత కాంతికి) టీ5 ట్యూబ్ లైటు పెట్టి, తయారీదారు చెప్పిన గడువుకు మార్చండి. వెలుగు ఉన్నట్టే కనిపిస్తుంది కానీ యూవీ తగ్గిపోతుంది.

ఎండుటాకు (న్యూజెర్సీ)

తిండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను అందుకుంటున్నాను. నేను ఉడుములు పెంచను, వాటికి పెట్టే పురుగుల్ని పెంచుతాను.

మ్యూజియాల్లో భద్రపరిచిన గ్రీన్ ట్రీ మానిటర్ల కడుపులు పరిశీలించి 1986లో ఒక అధ్యయనం చేశారు. దొరికినవాటిలో ఎక్కువ భాగం ఆకుల్లో ఉండే మిడత జాతి పురుగులే. ఎలుక జాతి అరుదు. కానీ చాలామంది "ఉడుమే కదా" అని వారం వారం ఎలుకపిల్లలు పెడతారు. చెట్టు మీద సన్నగా చురుగ్గా తిరిగే జంతువుకు అంత కొవ్వు పడదు, లివర్ పాడవుతుంది.

డూబియా బొద్దింకలు, కీచురాళ్ళు ముఖ్యంగా పెట్టండి. జర్మనీలో పెద్ద మిడతలు దుకాణాల్లోనే దొరుకుతాయి, రైన్‌తీరం గారి అదృష్టం. అమెరికాలో వాటిని తిండిగా అమ్మనివ్వరు. పురుగులకు ఒకరోజు ముందు ఆకుకూరలు, క్యారెట్, గుమ్మడికాయ బాగా తినిపించండి. ఖాళీ కడుపు పురుగు పెడితే పెంకు పెట్టినట్టే. కాల్షియం పొడి దాదాపు ప్రతిసారీ అద్దండి, విటమిన్ పొడి వారానికి ఒకసారి చాలు.

గిన్నెలో పోసి ఇవ్వకండి, ఇది నా మనవి. బ్లాక్ ట్రీ మానిటర్ ముందుకాళ్ళతో సందుల్లోంచి తిండి లాగే తీరు మీద 2011లో పరిశోధన పత్రం వచ్చింది. కార్క్ ముక్కకు రంధ్రాలు చేసి పురుగుల్ని అందులో వదలండి. ముక్కు పట్టనంత చిన్న రంధ్రమైతే ఇంకా మంచిది. చెయ్యి మొత్తం లోపలికి పెట్టి, ముఖం పక్కకు తిప్పి, వేళ్ళతో తడుముతూ, పురుగు తగలగానే గోటితో గీరి బయటికి లాగుతుంది. ఒక స్నేహితుడి ఇంట్లో దగ్గర కూర్చుని చూశాను. పురుగు అవతలి వైపు జరిగితే చెయ్యి తీసి, కార్క్ చుట్టూ తిరిగి వెళ్ళి ఇంకో రంధ్రంలో పెట్టింది. ఇంత తెలివైన దాన్ని ఖాళీగా కూర్చోబెడితే అద్దానికి ముక్కు రాసుకుని పుండు చేసుకుంటుంది.

గచ్చిబౌలి_కుర్రాడు (హైదరాబాద్)

అన్నలకు, అక్కలకు నమస్తే. నాకు ఇక్కడ టెలిగ్రామ్ గ్రూపులో ఒకతను గ్రీన్ ట్రీ మానిటర్ ఇస్తానంటున్నాడు. "ఎగ్జోటిక్ కాబట్టి మన వైల్డ్‌లైఫ్ చట్టం కిందికి రాదు, మన ఉడుము మీదే నిషేధం" అన్నాడు. నిజమేనా? అడ్వాన్స్ అడుగుతున్నాడు.

నల్లమల_నడక (మార్కాపురం)

నిజం కాదు తమ్ముడూ, అడ్వాన్స్ పంపకు.

ఒకప్పుడు విదేశీ జంతువులు 1972 వన్యప్రాణి చట్టం పరిధిలో లేవు, ఆ పాత మాటనే ఇప్పటికీ చెప్పి అమ్ముతున్నారు. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటిస్ (అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాల్లోని జంతువుల్ని నాలుగో షెడ్యూలులో చేర్చారు. ఉడుము జాతి అంతా సైటిస్‌లో ఉంది. మన ఉడుము, కొమోడో డ్రాగన్ లాంటి కొన్ని అనుబంధం ఒకటిలో, గ్రీన్ ట్రీ మానిటర్‌తో సహా మిగతావన్నీ రెండులో. ఇలాంటివి దగ్గర ఉంటే రిజిస్టర్ చేయించాలి. దానికి 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. పిల్లల్ని చేయించాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లైసెన్సు కావాలి.

అసలు ప్రశ్న అది దేశంలోకి ఎలా వచ్చిందన్నది. ఎగుమతి దేశం ఇచ్చిన సైటిస్ పర్మిట్టు, మన డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) దిగుమతి లైసెన్సు చూపించమను. చూపించలేడు. బ్యాంకాక్ నుంచి వచ్చిన బ్యాగుల్లో బల్లులు, తాబేళ్ళు, కోతులు దొరికాయని చెన్నై కస్టమ్స్‌వాళ్ళు ఎన్నిసార్లు ప్రకటించారో పేపర్లు చూస్తే తెలుస్తుంది. కొన్ని చచ్చే ఉంటాయి. బతికినవాటిని చాలాసార్లు వచ్చిన దేశానికే తిప్పి పంపుతారు. నువ్వు కట్టే అడ్వాన్సు తర్వాతి బ్యాగుకు పెట్టుబడి అవుతుంది.

మన ఉడుమైతే షెడ్యూలు ఒకటి. పట్టుకోవడం, పెంచడం, అమ్మడం, మాంసం తినడం, అన్నీ నేరమే. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు.

ఇంకో మాట, చెట్టెక్కే ఉడుమును చూడాలని ఉంటే కొననక్కర్లేదు. మన ఉడుము పిల్లలు పెద్దవాటికన్నా ఎక్కువగా చెట్ల మీదే గడుపుతాయి. తొలకరి తర్వాత మా వైపు అడవి అంచున బెరడు లేచిన పాత చెట్లు చూస్తుంటాను. పసుపు చుక్కల పిల్ల ఒకటి బెరడు కింద గోళ్ళు పెట్టి గీకుతూ పైకి పోతుంది, ప్రతి పగులు దగ్గరా ఆగి నాలుక లోపలికి పంపి చూస్తుంది. నువ్వు ఉండేది గచ్చిబౌలి అయితే యూనివర్సిటీ క్యాంపస్ పక్కనే. అక్కడ ప్రకృతి పరిశీలన చేసే విద్యార్థులతో కలిసి వెళ్ళు.

గచ్చిబౌలి_కుర్రాడు (హైదరాబాద్)

చాలా థ్యాంక్స్ అన్నా. పర్మిట్టు ఫోటో పంపమని అడిగాను, వెంటనే బ్లాక్ చేశాడు. అతని మెసేజీలు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, ఎవరికి ఇవ్వాలి?

నల్లమల_నడక (మార్కాపురం)

వైల్డ్‌లైఫ్ క్రైమ్ కంట్రోల్ బ్యూరోకి ఫిర్యాదు పంపు, లేదా మీ జిల్లా అటవీ శాఖ ఆఫీసులో ఇవ్వు. గ్రూపు పేరు, యూపీఐ ఐడీ కనిపించేలా ఉండాలి. గ్రూపులో అతనితో గొడవ పడకు, పేరు మార్చుకుని ఇంకోచోట తేలతాడు.

కొమ్మచివర (ఫోర్ట్‌వర్త్, టెక్సస్)

అందరికీ కృతజ్ఞతలు. ఎక్స్‌పో ఆలోచన పూర్తిగా మానేశాను. బ్రీడర్‌కి అడ్వాన్స్ కట్టాను. తల్లిదండ్రుల ఫోటోలు, గుడ్లు పెట్టిన తేదీలు అడగకుండానే పంపారు. 6 అడుగుల పీవీసీ కేజ్ ఆర్డర్ ఇచ్చాను.

ఒక సందేహం. అదే ఎక్స్‌పోలో బ్లూ ట్రీ మానిటర్ కూడా చూశాను, ఆ రంగు కళ్ళలోంచి పోవడం లేదు. ముందు ముందు దాన్ని కూడా పెంచొచ్చా?

రైన్‌తీరం (కొలోన్, జర్మనీ)

దాన్ని చూసి మనసు పడనివాళ్ళు ఉండరు. అందుకే దాని పరిస్థితి ఇలా అయింది. ఈ బ్లూ ట్రీ మానిటర్‌ని (వారనస్ మాక్రేయి) శాస్త్రవేత్తలు వర్ణించిందే 2001లో. న్యూగినీ పడమటి కొసన ఉన్న బటాంటా అనే చిన్న దీవి, దాన్ని ఆనుకున్న కొన్ని దీవులు తప్ప అది ఇంకెక్కడా లేదు. లోకానికి తెలిసిన నాటి నుంచే పెంపుడు వ్యాపారంలోకి వచ్చేసింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా చేర్చారు. మీ అమెరికాలో 2024 డిసెంబరులో దాన్ని అత్యవసరంగా అంతరించే జాతుల చట్టం కిందికి తెచ్చారు. కాబట్టి ఈరోజు అక్కడ నియమం ఏమిటో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ సైట్‌లో చూసుకోకుండా రాష్ట్రం దాటించి కొనే పని పెట్టుకోవద్దు.

ఇక్కడ మా దగ్గర ఇలాంటి రక్షిత జాతుల్లో ప్రతి జంతువుకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు కాగితం ఉండాలి. హామ్ ఊళ్ళో జరిగే పెద్ద సరీసృపాల సంతలో కూడా ఆ కాగితం లేనిదే నేను దేన్నీ ముట్టుకోను. ఆ ఇబ్బంది మంచిదే. ఒక దీవిలో ఉన్నవి అయిపోతే తెచ్చుకోవడానికి ఇంకో దీవి లేదు.

కొమ్మచివర (ఫోర్ట్‌వర్త్, టెక్సస్)

అర్థమైంది. బ్లూ మాట ఇక ఎత్తను.

కేజ్ వచ్చింది. జంతువు లేకుండానే అన్నీ ఆన్ చేసి నడుపుతున్నాను. కార్క్ మీద గన్‌తో 46, కింది మూల 25. మిస్టింగ్ తర్వాత 90, మధ్యాహ్నానికి 72. హీటర్ నడిచే రోజుల్లో కూడా 65కు దిగడం లేదు, అడుగు మందం మట్టి వేశాక వచ్చిన మార్పు ఇది.

చివరిగా రెండు విషయాలు. చేతికి అలవాటు చేయడం గురించి ఎవరూ చెప్పలేదు. బ్రీడర్ నాకు ఇచ్చేది ఆడదే కావచ్చంటున్నారు. ఒంటరి ఆడది గుడ్లు పెడుతుందా?

తడినేల (హ్యూస్టన్)

అంకెలు బాగున్నాయి. కొన్ని వారాలు అలాగే నడపనీ, బల్బు పోయిన రోజు ఏమవుతుందో కూడా చూసుకో.

పట్టుకోవడం మాని, దాన్నే నీ దగ్గరికి రానివ్వు. మొదటి నెల కేజ్ ముందు రోజూ కూర్చుని నీ పని చేసుకో. తర్వాత పొడవాటి పటకారుతో పురుగు అందించు. కొన్ని నెలలకు తలుపు తీయగానే ముందుకొచ్చేవి ఉన్నాయి, ఎప్పటికీ రానివీ ఉన్నాయి. రెండూ మామూలే. తోక పట్టి మాత్రం లాగొద్దు. ఇంటి బల్లికి మళ్ళీ వస్తుంది, ఉడుముకు రాదు.

మూగజీవి (అట్లాంటా, వెట్)

పెడుతుంది. మగ తోడు లేకపోయినా ఫలదీకరణ కాని గుడ్లు తయారవుతాయి, ఆ సమయానికి నచ్చిన చోటు దొరక్కపోతే లోపలే ఆపుకుంటుంది. ట్రీ మానిటర్ ఆడవాటిలో నేను ఎక్కువగా ఆపరేషన్ చేసింది దీనికే. అడవిలో గ్రీన్ ట్రీ మానిటర్లు చెట్ల మీది చెదపుట్టల్లో గుడ్లు పెట్టిన సందర్భాలు నమోదయ్యాయి. అంటే ఎత్తుగా, చీకటిగా, లోపల వెచ్చగా, తవ్వడానికి వీలుగా ఉన్న చోటు కావాలి. కేజ్ సగం ఎత్తులో ఒక చెక్కపెట్టె బిగించండి, శరీరం పట్టేంత ఒకే రంధ్రం పెట్టండి, లోపల తడి మట్టి, పీచుపొడి కలిపి ముప్పావు వంతు నింపండి. పిడికిట నొక్కితే ముద్ద అవ్వాలి, నీరు కారకూడదు. లోపల 28, 29 డిగ్రీలు ఉందో లేదో ప్రోబ్ పెట్టి చూడండి.

ఆ పెట్టెను జంతువు వచ్చిన రోజు నుంచే ఉంచండి, గుడ్ల సమయంలో కొత్తగా తెచ్చి పెడితే దాన్ని నమ్మదు. తిండి తగ్గించి, ఆగకుండా తిరుగుతూ, మూలల్లో తవ్వుతుంటే రెండు రోజులు చూసి నాకో, మీ దగ్గరి ఎగ్జోటిక్ వెట్‌కో ఫోన్ చేయండి. ఆ వెట్ ఎవరో జంతువు రాకముందే వెతికి, ఉడుములు చూస్తారా అని అడిగి నంబర్ రాసి పెట్టుకోండి. ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల సరీసృపాలు చూసేవాళ్ళ వివరాలు మీకు విడిగా మెసేజ్ చేస్తున్నాను.